కనబడుటలేదు

చిన్నప్పుడు తెనాలిలో మా ఇంటికి పొద్దున్నే పేపరు రాగానే మొదటి పేజీ మా నాన్నగారిది, ఆఖరి పేజీ నాది. ఆటల వార్తల కింద, ఓ మూల చిన్న పెట్టెలో అప్పుడప్పుడు ఒక ఫొటో ఉండేది. దాని మీద "కనబడుటలేదు" అని పెద్దక్షరాలు. కింద వయసు, రంగు, ఒడ్డూ పొడుగూ, ఇంట్లోంచి వెళ్ళినప్పుడు కట్టుకున్న బట్టలు, ఆచూకీ తెలిపినవారికి తగిన పారితోషికం. అన్నీ రాసేవారు గానీ, ఇప్పటిదాకా ఎక్కడెక్కడ వెతికారో మాత్రం రాసేవారు కాదు. అది కూడా రాస్తే మిగతా చోట్ల మనం వెతకొచ్చు కదా అని నాన్నగారిని అడిగితే, "నీకెందుకురా, లెక్కలు చేసుకో" అనేవారు.

ఆ లెక్కలే చేసి, ఇంజినీరింగు చదివి, 1997లో హైదరాబాదు అమీర్‌పేటలో మైత్రీవనం పక్క సందులో ఓ మేడమీద గదిలో జావా నేర్చుకుని, 1998లో ఈ దేశం వచ్చిపడ్డాను. అప్పటినుంచి నా ఉద్యోగంలో రోజూ చదివేది ఇలాంటి "కనబడుటలేదు" ప్రకటనలే. కాకపోతే తప్పిపోయేది మనుషులు కాదు, జావా క్లాసులు.

ఈ సంచిక చదివే ఇళ్ళల్లో సగానికి పైగా కంప్యూటరు ఇళ్ళే కాబట్టి వాళ్ళకి నేను చెప్పనక్కర్లేదు. మిగతా సగం కోసం, ముఖ్యంగా "మావారు రాత్రి రెండింటిదాకా ఆ తెరలోకి ఏం చూస్తారో నాకైతే తెలీదు" అనే అక్కచెల్లెళ్ళ కోసం, ముందు కాస్త చెప్పి అసలు కథలోకి వస్తాను.

జావా ప్రోగ్రాము అంటే పెళ్ళి వంటలాంటిది. ఒకే మనిషి అన్నీ చెయ్యడు. "ఇక్కడ ఫలానా డబ్బాలోంచి సాంబారుపొడి వెయ్యవలెను" అని కాగితం మీద ఉంటుంది. ఆ డబ్బా పేరే క్లాసు. ఒక్కో క్లాసు ఒక్కో ఫైలు. అలాంటివి వందలూ వేలూ ఉంటాయి గనక కొన్నిటిని కలిపి మూటకట్టి, ఆ మూటని జార్ అంటారు. జాడీ అనుకోండి, తప్పులేదు. జావా పద్ధతి ఏమిటంటే వంట మొదలెట్టేముందే డబ్బాలన్నీ ఉన్నాయా లేవా అని చూసుకోదు. అవసరం వచ్చినప్పుడు చెయ్యి చాపుతుంది. చేతికి డబ్బా తగలకపోతే అక్కడే గరిటె కింద పడేసి అరుస్తుంది. ఆ అరుపునే మేం ఎర్రరు అంటాం.

అమీర్‌పేటలో మా మాస్టారు బోర్డు మీద మొట్టమొదట రాసిన మాట క్లాస్‌పాత్. "ఏ అల్మారాల్లో వెతకాలో జావాకి చెప్పే జాబితా ఇది. ఇది తప్పు పెడితే మీరు ఎంత గొప్ప ప్రోగ్రాము రాసినా ఒకటే" అన్నారాయన. నిజమే. జావా 1995లో లోకానికి వచ్చింది. అప్పటినుంచి దాన్ని నేర్చుకున్న ప్రతివాడూ మొదటి వారంలోనే ఈ దెబ్బ తిని ఉంటాడు.

ఇక అసలు కథ.

మన సంఘంలో దసరా, ఉగాది టిక్కెట్లు అమ్మే ప్రోగ్రాము ఒకటి ఉందని మీకు తెలుసు. సభ్యత్వం, సీట్లు, భోజనాల లెక్క అన్నీ అందులోనే. దాన్ని 2007లో ఒంటిచేత్తో రాసినవారు మనందరం మాస్టారు అని పిలిచే పెద్దాయన. ఆదివారం తెలుగు బడి నడిపిందీ ఆయనే. ఉద్యోగంలో ఉన్నప్పుడు కోబాల్ రాసిన మనిషి, అరవై ఏళ్ళ వయసులో పుస్తకాలు కొనుక్కుని జావా నేర్చుకుని మరీ రాశారు. 2021 జనవరిలో ఆయన పోయారు. కరోనా రోజులు. కంప్యూటరు తెర మీద చిన్న చిన్న గళ్ళలో కూర్చుని వీడ్కోలు చెప్పాం. తర్వాత వెళ్ళి పిన్నిగారిని పలకరించాలనుకున్నాను. ఇదిగో అదిగో అంటూ మూడున్నరేళ్ళు దాటిపోయాయి. నలభై మైళ్ళ దూరం. సాకు చెప్పడానికి కూడా చాలని దూరం.

ఆయన తర్వాత ఆ ప్రోగ్రాము బాధ్యత నా నెత్తిన పడింది. బాధ్యత అంటే ఏమీ లేదు. అది నడుస్తోంది, నేను ముట్టుకోవడం లేదు. 2024 సెప్టెంబరులో మేం అద్దెకి తీసుకున్న మిషను పాతబడిందనీ, నెలాఖరుకి ఆపేస్తామనీ ఉత్తరం వచ్చింది. 28వ తేదీ శనివారం కూర్చుని పాత మిషనులోంచి డేటానీ, ప్రోగ్రాము ఉన్న వెబ్‌యాప్స్ ఫోల్డరునీ కొత్త మిషనుకి కాపీ చేశాను. గంట పని. "అయిపోయిందోయ్" అని మా ఆవిడతో అని టీ తాగాను. నడిపి చూడలేదు. అదీ నా మొదటి తప్పు. 30వ తేదీన పాత మిషనుని చెరిపేశారు. పండుగ అక్టోబరు 19న. టిక్కెట్లు 6వ తేదీ ఆదివారం మొదలు.

అక్టోబరు 1 రాత్రి తీరిగ్గా నడిపితే తెర మీద పేజీడు ఎర్రరు. అందులో "నో క్లాస్ డెఫ్ ఫౌండ్: జావాఎక్స్, సర్వ్‌లెట్, హెచ్‌టీటీపీ‌సర్వ్‌లెట్" అని ఉంది.

ఇక్కడ ఒక చిన్న సంగతి. ఈ తప్పిపోయిన క్లాసుల ఎర్రర్లు రెండు రకాలు. చాలామంది రెండూ ఒకటే అనుకుంటారు. "క్లాస్ నాట్ ఫౌండ్" అంటే, ఎవరో ఒక పేరు చెప్పి ఈయన్ని పిలవండి అన్నారు, వెతికితే ఆ పేరుగలవారు లేరు. "నో క్లాస్ డెఫ్ ఫౌండ్" అంటే, ప్రోగ్రాము తయారైన రోజున ఈయన ఇక్కడే ఉన్నారు, నిశ్చితార్థానికి వచ్చారు, పెళ్ళినాటికి లేరు. తరచుగా రెండోదాని అడుగున కారణంగా మొదటిది కూడా కనిపిస్తుంది. మొదటిదాంట్లో పేరు మధ్య చుక్కలుంటాయి, రెండోదాంట్లో సాధారణంగా ఏటవాలు గీతలుంటాయి. చాలాసార్లు చుక్కా గీతా చూసే ఏ రకమో చెప్పొచ్చు.

హెచ్‌టీటీపీ‌సర్వ్‌లెట్ అనేది మనం తెచ్చుకునే డబ్బా కాదు. పెళ్ళి హాలువాడే ఇచ్చే గ్యాసు పొయ్యి లాంటిది. ఆ హాలు పేరు టామ్‌క్యాట్. జావా వెబ్ ప్రోగ్రాములు దాని లోపలే నడుస్తాయి. హాలులో పొయ్యి లేకపోవడం ఏమిటి? నాకు వెంటనే తట్టలేదు. తట్టకపోగా, తొందరలో అందరూ చేసే పనే నేనూ చేశాను. పాత సర్వ్‌లెట్ జార్ ఒకటి ఎక్కడినుంచో తెచ్చి మన ప్రోగ్రాము లిబ్ ఫోల్డరులో పడేశాను. ఆ ఎర్రరు పోయింది. దాని బదులు "ఈ క్లాసు సర్వ్‌లెట్ కాదు" అని ఇంకోటి వచ్చింది. ఎదురుగా సర్వ్‌లెట్‌ని నిలబెట్టి పరిచయం చేస్తే, ఈయన ఆయన కాదు పొమ్మంటోంది.

మర్నాడు నిద్ర లేచాక గుర్తొచ్చింది. ఇంటిపేరు మారింది!

జావాని పుట్టించిన సన్ కంపెనీని 2010లో ఒరాకిల్ కొనుక్కుంది. వెబ్ ప్రోగ్రాములకి సంబంధించిన భాగాన్ని 2017లో ఎక్లిప్స్ ఫౌండేషన్‌కి అప్పగించడానికి నిర్ణయించారు. పిల్లవాణ్ణి దత్తత ఇచ్చారు గానీ, జావా అనే ఇంటిపేరు మాత్రం పుట్టింటిదే. ఆ "జావాఎక్స్" పేరుతోనే కొత్త మార్పులు చేసుకునే ఒప్పందం 2019లో కుదరలేదు. దాంతో 2020 డిసెంబరులో వచ్చిన జకార్తా 9 నుంచి ఆ క్లాసులన్నిటికీ ఇంటిపేరు "జకార్తా" అయింది. టామ్‌క్యాట్ 9 వరకు పాత ఇంటిపేరు, 10 నుంచి కొత్త ఇంటిపేరు. మనిషి అదే, ముక్కూ మొహం అవే. కానీ పాత పేరుతో పిలిస్తే పలకడు. నేను కొత్త మిషను మీద పెట్టింది టామ్‌క్యాట్ 10.1. మాస్టారు 2007లో పిలిచింది పాత పేరుతో.

దీనికి సరైన వైద్యం ప్రోగ్రాములో పేర్లన్నీ మార్చడం. టామ్‌క్యాట్‌వాళ్ళే ఆ పని చేసిపెట్టే పనిముట్టు కూడా ఇచ్చారు. కానీ చేతిలో నాలుగు రోజులున్నాయి. అందుకని టామ్‌క్యాట్ 9 పెట్టి, నేను తెచ్చి పడేసిన ఆ దొంగ జార్ తీసేశాను. సర్వ్‌లెట్లు బుద్ధిగా పలికాయి.

అప్పుడు రెండోది. "జావాఎక్స్, ఎక్స్‌ఎంఎల్, బైండ్" దొరకలేదంది. ఇదీ జావాఎక్సే గదా, దీనికీ దత్తతేనా అనుకోకండి. ఇది వేరే కథ. హాలు సీట్ల పటాన్ని చదవడానికి మాస్టారు వాడిన క్లాసులివి. 2006లో వచ్చిన జావా 6తోబాటే ఇంట్లోకి వచ్చి, ఇంట్లోవాళ్ళలాగే ఉండేవి. 2018లో జావా 11 వచ్చినప్పుడు వాటిని బయటికి పంపేశారు, కావలసినవాళ్ళు విడిగా తెచ్చుకోండి అన్నారు. పాత మిషను మీద జావా 8, కొత్తదాని మీద 11. విడిగా తెచ్చి లిబ్ ఫోల్డరులో పెట్టాను. ఈసారి అది న్యాయమైన పనే, ఎందుకంటే హాలువాడు ఇవ్వని డబ్బా మనమే తెచ్చుకోవాలి. హాలువాడు ఇచ్చేదాన్ని మనం మోసుకురాకూడదు, ఇవ్వనిదాన్ని మర్చిపోకూడదు. ఈ ఒక్క ముక్క గుర్తుపెట్టుకుంటే ఈ వ్యాధుల్లో సగం కుదురుతాయి.

3వ తేదీ, నవరాత్రులు మొదలైన రోజు రాత్రి, ప్రోగ్రాము లేచింది. సభ్యుల పేజీ వచ్చింది, సీట్ల పటం వచ్చింది. 4వ తేదీ సాయంత్రం పరీక్షకి ఒక టిక్కెట్టు కొన్నాను.

"క్లాస్ నాట్ ఫౌండ్: లేఖకుడు."

నిజంగా అదే పేరు. మాస్టారు తన క్లాసులకి తెలుగు పేర్లు పెట్టేవారు. ఈ లేఖకుడు చేసే పనేమిటో మీరందరూ చూశారు గానీ, గమనించి ఉండరు. మన టిక్కెట్ల మీద ఇంగ్లీషులో ఉన్న పేరు కింద తెలుగులో కూడా పేరు వస్తుంది కదా, అది రాసేవాడే లేఖకుడు.

1990ల మొదట్లో కంప్యూటర్ల మీద తెలుగు అక్షరాలు దొరకని రోజుల్లో, హ్యూస్టన్‌లోని రైస్ విశ్వవిద్యాలయంలో పుట్టిన ఆర్‌టీఎస్ అనే పద్ధతిలో మనవాళ్ళు ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు రాసుకునేవారు. చిన్న టీ కొడితే త, పెద్ద టీ కొడితే ట. మాస్టారు ఆ పద్ధతినే తీసుకుని, దాన్ని యూనికోడు తెలుగులోకి మార్చేలా లేఖకుణ్ణి రాశారు. కానీ సభ్యులు ఫారంలో పేరు రాసేటప్పుడు ఆ నియమాలేం పాటిస్తారు? కే, ఓ, టీ, ఏ అని రాసినవారు కోటవారా కోతవారా? అందుకని ఆయన ఒక్కొక్క కుటుంబానికీ ఫోను చేసి, "మీ ఇంటిపేరులో డకారమా దకారమా? చివర దీర్ఘం ఉందా?" అని అడిగి పట్టిక తయారు చేసుకున్నారు. నాకూ చేశారు. నేను ఆఫీసు మీటింగులో ఉండి కాస్త విసుక్కున్నట్టు కూడా గుర్తు.

లేఖకుడు కోసం వెతికాను. ప్రోగ్రాము లోపల క్లాసెస్ ఫోల్డరులో లేడు. లిబ్ ఫోల్డరులో ఉన్న జార్లన్నీ విప్పి చూశాను, జార్ అంటే జిప్ ఫైలే గనక విప్పి చూడటం కష్టమేమీ కాదు. ఏ మూటలోనూ లేడు. మరి పదిహేడేళ్ళు ఎలా నడిచింది?

టామ్‌క్యాట్ ఒక క్లాసు కోసం వెతికే వరస ఒకటుంది. ముందు జావా సొంత ఇల్లు. తర్వాత మన ప్రోగ్రాము క్లాసెస్ ఫోల్డరు, ఆ తర్వాత మన లిబ్ ఫోల్డరు. అక్కడా లేకపోతే టామ్‌క్యాట్‌దే ఒక ఉమ్మడి లిబ్ ఫోల్డరు ఉంటుంది, అందులో చూస్తుంది. మన సంఘానికి టిక్కెట్ల ప్రోగ్రాముతో పాటు సభ్యుల చిరునామాల పుస్తకం అచ్చువేసే ప్రోగ్రాము కూడా ఉండేది. రెండిటికీ పనికొస్తుందని మాస్టారు లేఖకుడి జార్‌ని ఆ ఉమ్మడి ఫోల్డరులో చేత్తో పెట్టి ఉంటారు. నేను పాత మిషను నుంచి తెచ్చుకున్నది వెబ్‌యాప్స్ ఫోల్డరు ఒక్కటే. ఇల్లు మారేటప్పుడు మన గదుల్లో సామానంతా తెచ్చుకుని, పక్కింట్లో దాచిన జాడీ వదిలేసి వచ్చాను. ఆ పక్కిల్లు 30వ తేదీనే కూల్చేశారు.

పైగా ఇది "క్లాస్ నాట్ ఫౌండ్" రకం. లేఖకుడి పేరు ప్రోగ్రాము లోపల కాకుండా, బయట ఒక సెట్టింగుల ఫైలులో రాసి ఉంది. అలాంటప్పుడు ప్రోగ్రాము తయారు చేసినా, మోసుకెళ్ళినా, లేపినా ఏ లోటూ కనిపించదు. ఆ పేరుతో పిలిచిన క్షణానే తెలుస్తుంది.

కోశాధికారి గారికి ఫోను చేశాను. ఆయన మంచి మనిషి, పని జరగాలనుకునే మనిషి. "దానికింత బాధెందుకండీ, ఆ తెలుగు వరస తీసేయండి. ఇంగ్లీషులో పేరుంటే చాలు, గేటు దగ్గర చూసేది బార్‌కోడే కదా" అన్నారు. నిజమే. రెండు వరసలు కొట్టేస్తే పని అయిపోతుంది. కొట్టేద్దామనే కూర్చున్నాను.

అప్పుడు మా అమ్మాయి కాలేజీ నుంచి వారాంతానికి వచ్చి ఉంది. కంప్యూటరు సైన్సు రెండో ఏడు. నా భుజం మీదుగా చూసి, "తీసేస్తున్నావా నాన్నా?" అంది. "ఈసారికే" అన్నాను. ఏమీ అనకుండా మేడమీదకెళ్ళి తన సొరుగులోంచి ఒక కాగితం తెచ్చి నా పక్కన పెట్టింది. 2011 దసరా టిక్కెట్టు. దానికప్పుడు ఆరేళ్ళు. "నా పేరు తెలుగులో ఫస్ట్ టైం చూసింది దీని మీదే. అంతకుముందు నా పేరు ఇంగ్లీషు పేరే అనుకున్నా" అంది.

రాత్రి తొమ్మిదైంది. పిన్నిగారికి ఫోను చేశాను. ఎత్తగానే నా గొంతు గుర్తుపట్టారు. అదే ఇంకా సిగ్గనిపించింది. సంగతి చెప్పాను. కాసేపు ఊరుకుని, "ఆయన కంప్యూటరు బేస్‌మెంటులో అలాగే ఉంది బాబూ. రేపు పొద్దున్నే రా. భోజనానికి ఉండేలా రా" అన్నారు.

శనివారం నేనూ మా అమ్మాయీ వెళ్ళాం. బేస్‌మెంటులో బల్ల మీద తెల్లటి దుప్పటి కప్పిన కంప్యూటరు. దుప్పటి మాత్రం ఉతికిన దుప్పటి. పాస్‌వర్డు ఎలాగా అని నేను ఆలోచిస్తుంటే పిన్నిగారు పైనుంచి ఒక నీలం అట్ట నోటుబుక్కు తెచ్చారు. "ఇందులో ఉంటుంది చూడు. ఎవరైనా అడుగుతారని ఫోను పక్కనే పెట్టుకున్నాను. ఎవరూ అడగలేదు."

తెరిచి చూస్తే మొదటి పేజీలో ముత్యాల్లాంటి అక్షరాలతో తెలుగులో ఉంది, ఏది ఎక్కడుందో. ఆరో అంశం: లేఖకుడి జార్ టామ్‌క్యాట్ లిబ్ ఫోల్డరులో ఉంది, ప్రోగ్రాములో లేదు, మిషను మారిస్తే ఇది మర్చిపోవద్దు.

మూడు రాత్రులు నేను వెతికిన జవాబు, మూడున్నరేళ్ళుగా ఒక ఫోను పక్కన ఉంది.

కంప్యూటరు లేచింది. లేఖకుడి జార్, దాని అసలు ప్రోగ్రాము, పక్కన ఉన్న ఫోల్డరు మొత్తం పెన్‌డ్రైవులోకి ఎక్కించుకున్నాను. ఆ పేజీకి ఫొటో తీసుకున్నాను. నోటుబుక్కు ఇచ్చేస్తానంటే తీసుకోబుద్ధి కాలేదు, ఆవిడ దగ్గరే ఉంచాను. గోంగూర పచ్చడి, ముద్దపప్పు, వంకాయ కూరతో అన్నం పెట్టారు. తింటుండగా మామూలుగా అన్నట్టే అన్నారు: "సంఘం నుంచి ప్రతి ఏడూ ఆయన పేరున ఉత్తరం వస్తోంది బాబూ, సభ్యత్వం కట్టమని. ప్రియమైన ఫలానావారికి అని. తెరిచి, చదివి, మళ్ళీ మడిచి పెడతాను."

నాకు ముద్ద దిగలేదు. ఆ ఉత్తరాలు పంపేది ఈ ప్రోగ్రామే. దాన్ని చూసుకునేది నేనే.

ఇంటికొచ్చి జార్‌ని ఈసారి ఉమ్మడి ఫోల్డరులో కాకుండా మన ప్రోగ్రాము సొంత లిబ్ ఫోల్డరులోనే పెట్టాను, ఇంకోసారి ఇల్లు మారినా వెంట వచ్చేలా. టిక్కెట్టు కొన్నాను. మళ్ళీ ఎర్రరు! "నో క్లాస్ డెఫ్ ఫౌండ్", పక్కన "లేఖకుణ్ణి సిద్ధం చెయ్యడం కుదరలేదు" అనే అర్థం వచ్చే మాట. అయిదుసార్లు నొక్కాను, అయిదుసార్లూ అదే. జార్ విప్పి చూశాను, లేఖకుడు లోపలే ఉన్నాడు. ఉన్నవాణ్ణి లేడంటుందేమిటి?

"నాన్నా, మొదటిసారి వచ్చిన ఎర్రరు చూశావా? ఆఖరిది కాదు, మొట్టమొదటిది" అంది మా అమ్మాయి. చూడలేదు. ఇరవయ్యారేళ్ళ అనుభవం, లాగ్ ఫైలు అడుగునుంచే చదువుతున్నాను. ప్రోగ్రాము ఆపి, మళ్ళీ లేపి, ఒక్కసారి నొక్కి చూస్తే అప్పుడు కనిపించింది వేరే ఎర్రరు. దాని అడుగున "కారణం ఇది" అని చెప్పే వరసలో, ఫలానా ఫైలు దొరకలేదని ఉంది. ఇది ఈ వ్యాధిలో మూడో రకం. క్లాసు దొరికింది, కానీ లోపలికి అడుగుపెడుతూ గడప తట్టుకుని పడింది. ఎందుకు పడిందో జావా మొదటిసారి మాత్రమే చెప్పింది. ఆ తర్వాత ఎన్నిసార్లు పిలిచినా "లేడు" అనే చెబుతోంది. కారణం కావాలంటే మొదటి అరుపే వినాలి.

లేఖకుడు లేస్తూనే పేర్ల పట్టిక చదువుతాడు. ఆ పట్టిక ఎక్కడ ఉండాలి? నేను ఫొటో తీసింది ఒక్క పేజీ. మళ్ళీ ఫోను చేశాను. పిన్నిగారు కళ్ళజోడు పెట్టుకుని రెండో పేజీలో ఉన్న ఫోల్డరు పేరు ఒక్కొక్క ఇంగ్లీషు అక్షరమే చదువుతూ, "ఇది పెద్దక్షరం బాబూ, తర్వాతది చిన్నది" అని చెప్పారు. లినక్సు మిషను మీద పెద్దక్షరం వేరు, చిన్నక్షరం వేరు. ఆవిడ అది చెప్పకపోతే మరో రాత్రి పోయేది. పెన్‌డ్రైవులో ఉన్న పట్టికని అక్కడ పెట్టి నొక్కాను. టిక్కెట్టు వచ్చింది. పేరు తెలుగులో వచ్చింది.

ఆ పట్టిక తెరిచి చూశాను. మూడు వందల పైచిలుకు ఇంటిపేర్లు, ఒక్కొక్కటీ ఒక ఫోను. మొట్టమొదటి వరసలో ఉన్నది పిన్నిగారి పేరు. ప్రోగ్రాము పని చేస్తోందో లేదో ఆయన ముందు ఆ పేరుతోనే చూసుకుని ఉంటారు.

ఆ రాత్రే మా అమ్మాయి సభ్యుల పట్టికలో ఆ కుటుంబం వివరాలు సరిచేసింది. ఉత్తరాలు ఇక పిన్నిగారి పేరునే వెళతాయి. ఇలాంటివి ఇంకా ఎన్ని ఉన్నాయో చూస్తే మరి రెండు కుటుంబాలు కనిపించాయి. ఆ ఇళ్ళకి నేనే ఫోను చేసి క్షమాపణ చెప్పుకున్నాను. ఆరో తేదీన టిక్కెట్లు అనుకున్న వేళకే మొదలయ్యాయి. 19న పిన్నిగారు వచ్చారు. గేటు దగ్గర టిక్కెట్టు చేతిలో పట్టుకుని చదువుకుని, పర్సులో పెట్టుకున్నారు.

ఆ శీతాకాలం సెలవుల్లో ప్రోగ్రాముని కొత్త ఇంటిపేరుకి మార్చాను. అసలు ప్రోగ్రాము ముగ్గురి దగ్గర ఉండేలా చేశాం. ముగ్గురిలో మా అమ్మాయి ఒకతె. పిన్నిగారి అనుమతితో నోటుబుక్కు పేజీలన్నిటికీ నకలు తీసి సంఘం బీరువాలో పెట్టాం. అసలు నోటుబుక్కు మాత్రం ఆవిడ ఫోను పక్కనే ఉంది. ఏడాదికి రెండుసార్లు, పండక్కి నెల ముందు, ప్రోగ్రాముని నిజంగా నడిపి చూడాలని నియమం పెట్టుకున్నాం.

కంప్యూటరు సోదరులకి నేను చెప్పగలిగింది ఇంతే. ఎర్రరు రాగానే జార్లు తెచ్చి పడేయకండి. మొదటి ఎర్రరు చదవండి, దాని అడుగున ఉన్న కారణం చదవండి. పేరు మారిందా, ఇంట్లోంచి వెళ్ళిపోయిందా, పక్కింట్లో ఉందా, లేక ఉండీ గడప దగ్గర పడిపోయిందా చూడండి. ఇల్లు మారితే ఉమ్మడి ఫోల్డరు కూడా చూసుకోండి.

మిగతావారికి ఒక్క మనవి. మీ ఇంట్లో కూడా ఏది ఎక్కడుందో తెలిసినవారు బహుశా ఒక్కరే ఉంటారు. ఒక నోటుబుక్కు పెట్టించండి. అలాగే, మీరు చాలాకాలంగా ఫోను చెయ్యని ఇల్లేదైనా ఉంటే, అవసరం పడేదాకా ఆగకండి. నేను ఆగాను.